మనవాడి షోరూమ్‌లో కారు బుక్ చేశాం, ఇప్పుడు నోరు తెరిచి లెక్క అడగలేకపోతున్నాం

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక టీచర్ గారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఆవిడ రాసింది క్లుప్తంగా ఇదీ.

ఆవిడకి నలభై రెండేళ్ళు, ప్రభుత్వ పాఠశాలలో ఉద్యోగం. భర్త మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు చూస్తారు. ఆయన పేరు మీద 2014లో కొన్న చిన్న కారు ఉంది. మామగారికి మోకాళ్ళ నొప్పులు. కిందికి వంగి ఎక్కాల్సిన కారు ఆయనకి కష్టంగా ఉందని కాస్త ఎత్తున్న పెట్రోల్ కారు కొనాలనుకున్నారు. ఆడపడుచు తోడికోడలి తమ్ముడు విజయవాడలో ఒక షోరూమ్‌లో సేల్స్ ఎగ్జిక్యూటివ్. మనవాడుండగా బయటెందుకని నేరుగా అక్కడికే వెళ్ళారు. కాఫీలు, టెస్ట్ డ్రైవ్, కారు పక్కన ఫోటోలు అన్నీ అయ్యాయి. ఎక్స్‌షోరూమ్ ధర 8,20,000. అదే రోజు 21,000 కట్టి బుక్ చేశారు, దానికి రసీదు ఉంది.

వారం తర్వాత వాట్సాప్‌లో కొటేషన్ వచ్చింది. లైఫ్ ట్యాక్స్ కాకుండా ఇన్సూరెన్స్ 52,000, యాక్సెసరీస్ కిట్ 35,000, సిరామిక్ కోటింగ్ 18,000, ఎక్స్‌టెండెడ్ వారంటీ 16,000, హ్యాండ్లింగ్ చార్జీలు 9,500. కిట్ తీసుకోకపోతే బండి అలాట్ కాదట. ఇన్సూరెన్స్ బయట చేయిస్తే యాక్సిడెంట్ అయినప్పుడు క్యాష్‌లెస్ రాదట. పాత కారుకి 1,60,000, ఎక్స్‌చేంజ్ బోనస్ 25,000 అన్నారు. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ అదే కారుకి 2,10,000 ఇప్పిస్తానన్నాడు. డిస్కౌంట్ అడిగితే ‘జీఎస్టీ తగ్గించి ఇచ్చేశాం కదక్కా’ అన్నాడట ఆ అబ్బాయి. 8 లక్షల లోన్ షోరూమ్‌లోనే, ఐదేళ్ళు, నెలకి 18,000. ఆవిడ బ్యాంకులో 9 శాతం అన్నారు, ఇక్కడ 7 శాతమే కాబట్టి ఆ ఒక్క విషయంలో లాభమేనని ఆవిడ సంతోషించారు.

‘నేను ప్రశ్న అడిగితే ఆ అబ్బాయి మా వారి వైపు తిరిగి జవాబు చెబుతాడు. ఈఎంఐ కట్టేది నా జీతంలోంచి’ అని రాశారు. భర్త మాట వేరు. ‘రూపాయి రూపాయికీ లెక్క అడిగితే రేపు చెల్లెలి ముందు నా పరువేం కావాలి’ అంటున్నారు. దసరాకి కారు ఇంటి ముందు ఉండాలన్నది అత్తగారి కోరిక. ఆవిడ ప్రశ్న: ‘నేను మరీ పీనాసిగా ఆలోచిస్తున్నానా? క్యాన్సిల్ చేసుకోనా? కళ్ళు మూసుకుని కట్టెయ్యనా?’

సంతకం కింద ‘అన్నట్టు’ అంటూ మరో వాక్యం ఉంది. తెల్ల రంగు బండి తమ కోసం ఆపి ఉంచడానికి ఇంకో 5,000 ఆ అబ్బాయి ఫోన్‌పే నంబరుకి పంపారట. దానికి రసీదు లేదు.

*

టీచర్ గారూ, ఆ ‘అన్నట్టు’ దగ్గరే మొదలుపెడతాను. మిగతా నాలుగు పేజీల్లో ఉన్నది ఎక్కువా తక్కువా అన్న పేచీ. ఈ 5,000 అలాంటిది కాదు, ఇది అసలు ఏ లెక్కలోనూ లేని డబ్బు. రేపు ఆ అబ్బాయి వేరే షోరూమ్‌కి మారిపోతే, ఇక్కడి మేనేజరు ‘మాకు తెలియదమ్మా’ అంటాడు. అందులో అబద్ధం కూడా ఉండదు. అతన్ని నేను దొంగ అనడం లేదు. నిజంగానే స్టాక్‌యార్డులో ఎవరినో పట్టుకుని రంగు చూసిపెట్టి ఉండొచ్చు. కానీ కారు డబ్బు ఒక్క రూపాయి అయినా షోరూమ్ ఖాతాకే వెళ్ళాలి, దానికి రసీదు రావాలి.

కాబట్టి ఈ రోజే రాసి పంపండి, ఫోన్‌లో చెప్పొద్దు. ‘తమ్ముడూ, రంగు కోసం పంపిన 5,000 మా బుకింగ్‌లో జమ చేయించి రసీదు పెట్టు. కుదరకపోతే తిరిగి పంపు, షోరూమ్ ఖాతాకి మేమే కడతాం.’ ఇందులో నిష్ఠూరం లేదు, అనుమానం లేదు. రెండు రోజుల్లో రసీదు వస్తే అతను కాస్త అలవాటు ప్రకారం పోయే మనిషి అనుకోవచ్చు. ‘చూద్దాం అక్కా, డెలివరీలో అడ్జస్ట్ చేస్తా’ అంటే సేల్స్ మేనేజరుని కలవాల్సిందే. ఆ జవాబు వచ్చేదాకా ఇంకో పైసా కట్టకండి. మిగతా దారుల్లో ఏది ఎంచుకోవాలో సగం ఆ జవాబే చెబుతుంది.

రెండోది, మీరు లాభమనుకున్న లోన్. నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేశాను, అందులో చాలాకాలం లోన్ల సీట్లోనే. ఈ 7 శాతం నాకు పాత స్నేహితుడు. మీరు రాసిన అంకెలతోనే చూడండి. 8 లక్షలకి ఏడాదికి 7 శాతం అంటే 56,000. ఐదేళ్ళకి 2,80,000. అసలుతో కలిపి 10,80,000, అరవై నెలలకి పంచితే సరిగ్గా 18,000. అంటే వాళ్ళు వడ్డీ లెక్క వేస్తున్నది మొదటి నెల నుంచి చివరి నెల దాకా పూర్తి 8 లక్షల మీద. మీరు నెల నెలా అసలు తీరుస్తూనే ఉంటారు, ఆ సంగతి వాళ్ళ లెక్కలో లేదు. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. మీ బ్యాంకు చెప్పిన 9 శాతం, తగ్గుతూ వచ్చే బాకీ మీద. ఆ లెక్కన నెలకి సుమారు 16,600 అవుతుంది. ఐదేళ్ళలో తేడా 83,000 పైచిలుకు. బ్యాంకు పద్ధతిలో చెప్పాలంటే ఆ అబ్బాయి చెప్పిన లోన్ మీద మీకు పడే వడ్డీ 7 కాదు, దాదాపు 12.5 శాతం.

మీరు పద్దెనిమిది వేల కోటింగ్ గురించి ఒక పేజీ రాశారు, ఈ ఎనభై మూడు వేల గురించి రెండు వాక్యాలు రాశారు. తప్పు మీది కాదు. షోరూమ్‌లో ఎప్పుడూ ‘నెలకి ఎంత కట్టగలరు’ అనే అడుగుతారు, మొత్తం ఎంతవుతుందో మనల్ని అడగనివ్వరు. 2024 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి ప్రతి లోన్‌కీ సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు అన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత పడుతోందో అదే. షోరూమ్ లోన్‌కీ మీ బ్యాంకు లోన్‌కీ ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ముందే తీర్చేస్తే ఎంత కట్టాలో కూడా అందులోనే చూడండి. ప్రభుత్వ ఉద్యోగం, జీతం పడే ఖాతా ఉన్నవారు మీరు. మీకు లోన్ ఇవ్వడానికి బ్యాంకు వెనకాడదు. కాకపోతే సంతకాలు, మంజూరు అంటూ కొన్ని రోజులు పట్టొచ్చు, దసరా దాటిపోవచ్చు. ఆ ఆలస్యం ఖరీదు ఇప్పుడు మీకు తెలుసు కాబట్టి ఇంట్లో అంకె చెప్పి మాట్లాడండి.

జీఎస్టీ మాట ఒక్క ముక్కలో తేల్చేస్తాను. చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది 2025 సెప్టెంబర్ 22న. తగ్గించింది ప్రభుత్వం. దాన్ని షోరూమ్ డిస్కౌంట్‌గా చెప్పుకోవడం, పెళ్ళిలో ఎవరో పెట్టిన భోజనానికి మనం విస్తరి వేసి పేరు కొట్టేసినట్టు ఉంటుంది.

ఇన్సూరెన్స్ దగ్గరికొస్తే, కొత్త కారుకి చట్టప్రకారం తప్పనిసరిగా ఉండాల్సింది మూడేళ్ళ థర్డ్ పార్టీ, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి. అది 2018 సెప్టెంబర్ నుంచి ఉంది. మన కారుకి జరిగే నష్టానికి చేసేది ఏడాదికే చేయించుకోవచ్చు. ఆ 52,000లో ఏమేమి కలిపారో తెలియకుండా ఎక్కువా తక్కువా చెప్పలేం. మన కారు నష్టానిది కూడా మూడేళ్ళకి ఒకేసారి కలిపి ఉంటే అంకె పెరుగుతుంది. అందుకే పాలసీ కొటేషన్ కాగితం అడగండి. కొత్త కారుకి ఐడీవీ (కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలోకి తీసుకునే విలువ) సాధారణంగా ఎక్స్‌షోరూమ్ ధరలో 5 శాతం తగ్గించి కడతారు, మీ కారుకి 7,79,000 దగ్గర ఉండాలి. అదే ఐడీవీ, అవే యాడ్-ఆన్‌లతో బయట రెండు కంపెనీల దగ్గర ధర తీసుకోండి. ఐడీవీ తగ్గించి చవగ్గా చూపించే వాళ్ళు బయటా ఉన్నారు, ఆ మాయలో పడకండి.

షోరూమ్‌లోనే ఇన్సూరెన్స్ చేయించాలన్న నిబంధన ఏదీ లేదు. క్యాష్‌లెస్ అన్నది ఆ ఇన్సూరెన్స్ కంపెనీకీ ఆ వర్క్‌షాపుకీ ఒప్పందం ఉందా లేదా అన్న దాని మీద ఉంటుంది గానీ, పాలసీ ఎవరు అమ్మారన్న దాని మీద కాదు. మీరు చూసే కంపెనీ జాబితాలో గుంటూరులో మీరు సర్వీసుకి వెళ్ళబోయే వర్క్‌షాపు పేరుందో లేదో ఒక్క ఫోన్‌తో తెలుస్తుంది. బయటి ధర చూపించగానే షోరూమ్ వాళ్ళే దిగి రావడం కూడా మామూలే. దిగి వస్తే అక్కడే చేయించండి, తప్పేం లేదు.

మీ ఉత్తరంలో ఇంకో వాక్యం నాకు పనికొచ్చింది. పాత కారుకి ఆరేళ్ళుగా క్లెయిమ్ లేదన్నారు. అంటే మీ వారికి 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉండాలి. పాత కారు అమ్మిన ఆధారం చూపిస్తే ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం ఇస్తుంది, అది మూడేళ్ళు చెల్లుతుంది. కొత్త కారు ప్రీమియంలో సొంత నష్టానికి సంబంధించిన భాగంలో సగం తగ్గుతుంది. ఇది కారుది కాదు, మనిషిది. ఇక్కడే ఒక చిక్కుముడి. పాత కారు మీ వారి పేరు మీద ఉంది. కొత్త కారు మీ పేరు మీద కొంటే ఆ బోనస్ దానికి వాడలేరు. ఆయన పేరు మీద కొంటే కొన్ని వేలు కలిసొస్తాయి. మీ పేరు మీద కొంటే లోనూ ఆర్సీ ఇన్వాయిసూ అన్నీ మీవే, ఆ అబ్బాయి తల తిప్పకుండా మీతోనే మాట్లాడక తప్పదు. ఏది ఎక్కువ విలువో నేను చెప్పలేను. నేనైతే ఆ కొన్ని వేలు వదులుకుంటాను. మీ ఉత్తరంలో అన్నింటికంటే మండుతున్నది ఆ తల తిప్పడమేనని నాకనిపించింది.

కిట్, కోటింగ్, హ్యాండ్లింగ్ మూడూ ఒకే జాతి కావు. హ్యాండ్లింగ్ అనేది ప్రభుత్వానికి కట్టేది కాదు, కంపెనీ ధరలోదీ కాదు. అమ్మే సరుకుని తమ కొట్టు దాకా తెచ్చుకోవడం అమ్మేవాడి పని. ‘ఇది ఏ బిల్లులో వస్తుంది?’ అని అడగండి, చాలాసార్లు ఆ ప్రశ్నకే అది ఎగిరిపోతుంది. కిట్ కొంటేనే కారు అనడం వేరే సంగతి. ఒక వస్తువు కావాలంటే ఇంకోటి కొనాల్సిందే అనడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతి కింద లెక్కిస్తుంది. అయితే మొదటి మాటలోనే చట్టం తియ్యకండి. ‘కిట్ తీసుకోకపోతే బండి ఇవ్వరని ఆ మాట మెయిల్‌లో రాసి పంపు తమ్ముడూ, మా వారికి చూపిస్తాను’ అనండి. ఎవరూ రాసివ్వరు. మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు కావాలంటే కిట్‌లోంచి అవి మాత్రం విడిగా తీసుకోండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ చెడ్డది కాదు, కానీ ఈ రోజే కొనక్కర్లేదు. మామూలు వారంటీ నడుస్తుండగా తర్వాత తీసుకునే వీలు చాలా కంపెనీల్లో ఉంది. ఎంతకాలంలోపు, ఎంత ధరకో అడిగి పెట్టుకోండి.

సిరామిక్ కోటింగ్ మీద మాట్లాడే అర్హత నాకుంది. ఒకప్పుడు నేనూ కొత్త కారుకి షోరూమ్‌లో టెఫ్లాన్ కోటింగ్ వేయించాను. మరుసటి ఏడాది సర్వీసులో ‘మేడమ్, బండికి ఒకసారి టెఫ్లాన్ వేయించండి’ అన్నారు. ‘వేయించానుగా’ అంటే ఆ కుర్రాడు బానెట్ మీద చెయ్యి రాసి, నా మొహం చూసి, ఏమీ అనలేదు.

పాత కారుకి ఆటోనగర్ ధర 2,10,000, షోరూమ్‌లో బోనస్ కలిపినా 1,85,000. తేడా 25,000. కానీ మెకానిక్ నోటి మాటని ధర అనుకోకండి. కొనేవాడు చేతిలో డబ్బు పట్టుకుని నిలబడినప్పుడు పలికేదే ధర. బయట అమ్మితే పేరు మార్పు బాధ్యత మీ నెత్తిన ఉంటుంది. పేరు మార్పుకి వాడే ఫారం 29, 30 నింపకుండా ఖాళీగా సంతకాలు పెట్టివ్వడం మన దగ్గర మామూలైపోయింది, మీరు ఆ పని చెయ్యొద్దు. పేరు మారేదాకా ఆ కారు ఎవరిని గుద్దినా పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. కారు అప్పగించిన తేదీ, టైము రాయించుకుని సంతకం తీసుకోండి. పాత ఫాస్టాగ్ మూసెయ్యండి, లేదంటే ఆ కారు కాజా టోల్ దాటినప్పుడల్లా మీ ఖాతాలో డబ్బు పోతుంది. ఈ తలనొప్పి వద్దనుకుంటే షోరూమ్‌కే ఇచ్చి ‘పాతిక వేలు తక్కువొస్తోంది, ఇంకో పది కలపండి’ అని అడగొచ్చు. బయట అమ్మి ఆర్సీ మార్పు చూపిస్తే బోనస్ ఇచ్చే స్కీము ఉందేమో అది కూడా అడగండి.

ఇదంతా చదివి ఆ అబ్బాయి మీద కోపం పెంచుకోకండి. సేల్స్ ఉద్యోగంలో జీతం తక్కువ, ఇన్సెంటివ్ మీద బతుకు. కారు అమ్మితే సరిపోదు, దానితో ఇన్ని ఇన్సూరెన్సులు, ఇన్ని లోన్లు, ఇంత యాక్సెసరీ అమ్మాలని లెక్క ఉంటుంది. షోరూమ్‌కి కూడా కారు మీద కంటే వీటి మీదే ఎక్కువ మిగులుతుంది. నెలాఖరు దగ్గర పడేకొద్దీ అతని గొంతులో తొందర మీకు వినపడేది అందుకే. అంటే ఆ తొందర మీ అవసరం కాదు, అతనిది. ‘ఈ రోజు కట్టకపోతే ఆఫర్ పోతుంది’ అన్నప్పుడు ఆ సంగతి గుర్తుంటే చాలు. దసరా కూడా అంతే. అత్తగారి కోరిక అతనికి తెలిసిన మరుక్షణం మీ బేరంలో సగం బలం పోయింది. ఇకముందు అతని ముందు పండగ ఊసెత్తకండి. నవరాత్రుల్లో దుర్గమ్మ కొండ దగ్గర రద్దీ మీకు తెలియనిది కాదు, ఆ హడావిడిలో బండి పూజ కంటే తర్వాత ఒక మంగళవారమో శుక్రవారమో తీరిగ్గా వెళ్ళడం నయమని అత్తగారికి నచ్చచెప్పవచ్చు. లేదా మంగళగిరి పానకాల స్వామి ఎలాగూ దారిలోనే ఉన్నాడు.

మీ వారి సంగతి. మొహమాటం మీద మన వాళ్ళకి ఒక సామెత ఉంది, ఇక్కడ అచ్చు వెయ్యలేను, మీకు తెలుసు. ఆయనకి లెక్క తెలియక కాదు. మిర్చి యార్డులో మచ్చు చూడకుండా ధర కట్టరు, తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రాయకుండా ఒక్క టిక్కీ బస్తాకీ డబ్బు చెల్లించరు. కమీషన్ ఎంత, హమాలీ ఎంత, కాటా ఎంత అని రైతుకి విడివిడిగా రాసిచ్చే మనిషి, తన కారు దగ్గర మాత్రం ‘మనవాడు’ అని ఆగిపోయాడు. ఆయనతో పరువు గురించి వాదించకండి. ‘ఆ అబ్బాయి దగ్గర మనకి కావల్సింది తక్‌పట్టీ, అంతే. మీ కొట్లో ఏ రైతైనా అడిగితే మీరు తప్పు పడతారా’ అని అడగండి. ఇంకో మాట కూడా చెప్పండి: లెక్క అడగకుండా కట్టేసి, తర్వాత ఇంకొకరు అదే కారు తక్కువకి కొన్నారని తెలిస్తే, ఆడపడుచు గారింట్లో ప్రతి పెళ్ళిలో ఆ అబ్బాయి కనబడినప్పుడల్లా మీ మనసులో ముల్లు గుచ్చుకుంటుంది. బంధుత్వం చెడేది అక్కడ.

ఇప్పుడు దారులు. మొదటిది, అక్కడే కొనడం, కానీ ప్రతి అంశం విడిగా రాసిన కొటేషన్ షోరూమ్ లెటర్‌హెడ్ మీద తీసుకుని, వద్దన్నవి కొట్టేయించడం. బంధుత్వం మిగులుతుంది, డబ్బు చాలావరకు మిగులుతుంది. అతను కొంచెం ముభావంగా ఉంటాడు, డెలివరీ రెండు వారాలు అటూ ఇటూ కావచ్చు. ఈ దారిలో వెళ్తే ‘మనవాడు’ అన్నందుకు ఎంత ఇవ్వదలిచారో మీ ఇద్దరూ ఇంట్లోనే ఒక అంకె అనుకోండి. ఐదు వేలో, ఎనిమిది వేలో. దానికి సరిపడా మ్యాట్లు, సీటు కవర్లు అతని దగ్గర కొనండి. అతని టార్గెట్‌లో కాస్త కలుస్తుంది, మీకు పనికొచ్చే వస్తువు వస్తుంది.

రెండో దారి, అదే కంపెనీకి గుంటూరులో ఉన్న డీలర్ దగ్గర ఆ మోడల్‌కే కొటేషన్ తీసుకోవడం. దీనికి బుకింగ్ అక్కర్లేదు, ఒక శనివారం మధ్యాహ్నం చాలు. కారు ఎక్కడ కొన్నా రిజిస్ట్రేషన్ మీ గుంటూరు చిరునామాకే అవుతుంది, వారంటీ కంపెనీది. ఆ కాగితం చేతిలో ఉంటే మొదటి దారి కూడా సుళువవుతుంది. ‘ఇంతకు ఇస్తామంటున్నారు తమ్ముడూ, నీ దగ్గరే కొనాలని ఉంది’ అంటే అతను మేనేజరు దగ్గరికి వెళ్ళి అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. తనంతట తాను తగ్గించే అధికారం అతనికి ఉండదు, అది మనం మర్చిపోతాం.

మూడోది క్యాన్సిల్ చెయ్యడం. 5,000 సంగతిలో జవాబు తేడాగా వస్తే, లేదా కిట్ విషయంలో మేనేజరు కూడా మొండికేస్తే, నేను దీని వైపే మొగ్గుతాను. బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో క్యాన్సిలేషన్ గురించి ఏముందో చదవండి. అప్పుడు చెప్పని చార్జీలు తర్వాత కలిపారు కాబట్టి రద్దు చేస్తున్నామని, 21,000 తిరిగి ఇవ్వాలని, మెయిల్‌లో షోరూమ్‌కీ కార్ల కంపెనీ కస్టమర్ కేర్‌కీ కలిపి రాయండి. స్పందన లేకపోతే 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు నమోదు చేసుకుంటుంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. షోరూమ్ విజయవాడలో ఉన్నా మీరు ఉండే గుంటూరులోనే వెయ్యొచ్చు, రెండేళ్ళ లోపు. డబ్బు రావచ్చు, కానీ నెలలు పట్టొచ్చు, మధ్యలో ఆడపడుచు ఫోన్లు వస్తాయి. దానికి మీ వారు సిద్ధంగా ఉన్నారో లేదో ముందే మాట్లాడుకోండి. మీరొక్కరే ఈ దారిలో నడిస్తే రేపు ప్రతి మాటా మీ మీదికే వస్తుంది.

కళ్ళు మూసుకుని కట్టెయ్యడం కూడా దారే, కాదనను. లోన్ తేడాతో కలిపి దాని ఖరీదు లక్షన్నర పైనే అని తెలిసి కట్టండి. పీనాసితనం గురించి అడిగారు కదా, అయిదేళ్ళ పాటు మీ జీతంలోంచి పోయే డబ్బుకి లెక్క అడగడాన్ని నేను ఆ పేరుతో పిలవను.

ఏ దారైనా, మిగతా డబ్బు కట్టేముందు మీకు కేటాయించిన కారునే పగటి వెలుగులో చూడండి. చాసిస్ నంబరు రాసుకోండి, ఇన్వాయిస్‌లో అదే ఉండాలి. షోరూమ్ ఇచ్చే సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. యార్డులో నెలల తరబడి ఎండలో నిలబడ్డ బండి అయితే టైర్లూ బ్యాటరీ కూడా పాతవే. టైరు మీద నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మీ వారికి ఈ పని ఇవ్వండి, మచ్చు చూసే కన్ను ఆయనది.

చివరిగా ఒక అనుమానం. నాలుగు పేజీల్లో మీరూ మీ వారూ పిల్లలూ ఆ కారులో కూర్చున్నట్టు ఉంది, మామగారు కూర్చున్నట్టు ఎక్కడా లేదు. షోరూమ్ వాళ్ళు టెస్ట్ డ్రైవ్ బండి ఇంటికి పంపుతారు. రమ్మనండి. ముందు సీటులో ఒకసారి, వెనక సీటులో ఒకసారి ఆయన్ని తన తీరున ఎక్కి దిగమనండి, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా. ఆయన మోకాళ్ళకి అది కుదరకపోతే, పైన రాసిందంతా ఇంకో కారుకి పనికొస్తుంది.